కట్టుచుండగా కూలిన వంతెన

వంతెన కూలినదను వార్త చెవినిబడగానే మన మనస్సునకు మొదట తోచునవి వరదయు, గాలివానయు, భూకంపమును. అవి కానిచో తుప్పుపట్టిన ప్రాత యినుమును, మితిమీరిన బరువుతో దానిమీదుగా పోవు రైలుబండియు తోచును. నేను నేడు ముచ్చటింపబోవు వంతెనకు ఈ యాపదలలో నొక్కటియు రాలేదు. ఆనాడు వరద లేదు, పెనుగాలి లేదు. దాని యుక్కు సరిక్రొత్తది. దానిపై ప్రయాణికుల బండి యొక్కటియైనను నడచియుండలేదు. సగము కట్టబడియున్న స్థితిలోనే, సాయంకాలము పని చాలించు వేళకు, అది తన బరువును తానే మోయలేక పదునైదు సెకండ్లలో కూలిపోయినది. దానిపై పనిచేయుచున్న 86 మందిలో 75 మంది ప్రాణములు గోల్పోయిరి.

ఇది 1907వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన కెనడా దేశములో, క్విబెక్ నగరమునకు చేరువను, సెయింట్ లారెన్స్ నదిమీద జరిగినది. ఇన్ని సంవత్సరములైన పిమ్మట ఆ దూరదేశపు వంతెనను తలపోయనేల యని మీరడుగవచ్చును. ఏల కూలినదో ఇంత సూక్ష్మముగను, ఇంత నిర్మొగమాటముగను విచారింపబడిన వంతెనలు లోకమున మిక్కిలి తక్కువ. అందలి పాఠము ఇంజనీర్లకు మాత్రమే చెందినది కాదు. ఎవరో లెక్క వేసి, ఎవరో కట్టి, ఎవరో పరీక్షించి, చాలునన్న దానిమీద మనము నమ్మి కాలు మోపుచున్నాము. కనుక అది మనకందరకును చెందినది.

ముందుగా ఆ నదినిగూర్చి రెండు మాటలు. సెయింట్ లారెన్స్ నది విశాలమైనది, లోతైనది. క్విబెక్ వద్ద సముద్రపు పోటుపాటులు దానిలో స్పష్టముగా కానవచ్చును. శీతకాలమున పెద్ద పెద్ద మంచుగడ్డలు ప్రవాహములో కొట్టుకొనివచ్చును. ఎగువనున్న మాంట్రియల్ రేవునకు పోవు ఓడలు ఈ మార్గముననే పోవలయును. కావున నది నడుమ వరుసగా స్తంభములు నాటుటకు వీలులేదు. ఒడ్డునకు చేరువగా ఇరుప్రక్కల నొక్కొక్క స్తంభము మాత్రము నిలిపి, వాని నడుమ నున్న నీటిని ఒక్క అంగలో దాటవలయును. వంతెన అడుగు నీటికి 150 అడుగుల యెత్తున నుండవలయును.

ఇట్టి చోటులకు తగినదని ఆ కాలపు ఇంజనీర్లు ఎన్నుకొన్నది కాంటిలీవరు అను పద్ధతి. పేరు క్రొత్తగా నున్నను అందలి సూత్రము మన పెద్దలెరిగినదే. పూర్వము మన పల్లెలలో నూతియొద్ద ఏతము వేసి నీరు తోడెడివారు. నిలువుగా నాటిన స్తంభముపై అడ్డముగా నొక దూలము. దాని యొక కొన నూతిమీదుగా చాచియుండును. వేరొక కొన నేలవైపున నుండును. నేలవైపు కొనను బరువుతో పట్టియుంచినచో నూతివైపు కొన క్రింద ఆధారమేదియు లేకయే గాలిలో నిలుచును. నదికి ఈ యొడ్డున నొక ఏతమును, ఆ యొడ్డున నొక ఏతమును నిలిపి, నీటిమీదికి చాచిన వాని కొనలనుండి నడుమ నొక చిన్న వంతెనను వ్రేలాడదీసినచో అదియే కాంటిలీవరు వంతెన. 1943లో వాడుకలోనికి వచ్చిన కలకత్తాలోని హౌరా వంతెన ఈ జాతిదే. అందు స్తంభమునకును స్తంభమునకును నడుమ ఎడము 1500 అడుగులు. క్విబెక్ వంతెనకు ఉద్దేశింపబడిన ఎడము 1800 అడుగులు.

ఇప్పుడు ఏతపు దూలమును కొంచెము పరికింపుడు. రెండు కొనలును క్రిందికి లాగబడుచుండగా, నడుమ స్తంభము దానిని పైకి మోయుచుండును. అందుచేత దూలము పైభాగము సాగుటకును, క్రిందిభాగము నలుగుటకును యత్నించును. ఉక్కు వంతెనలోను ఇంతే. పై కమ్ములు త్రాళ్లవలె లాగబడును. క్రింది దూలములు స్తంభములవలె నొక్కబడును. స్తంభమునకు దగ్గరయగుకొలది ఈ లాగుడును, ఈ నొక్కుడును హెచ్చును. క్విబెక్ వంతెన ప్రాణమంతయు ఆ నొక్కబడు క్రింది దూలములయందే యుండెను.

లాగుటకును నొక్కుటకును ఎంత భేదమున్నదో మీరు ఇంటిలోనే చూడవచ్చును. చీపురులోని ఈనెపుల్ల నొకదానిని తీసి రెండు కొనలు పట్టి లాగుడు. దానిని త్రెంచుట సులభము కాదు. అదే పుల్లను నేలమీద నిలువబెట్టి వ్రేలితో పైనుండి నొక్కుడు. నలిగి పొడియగుటకు చాల ముందుగనే అది ప్రక్కకు వంగి విరిగిపోవును. నొక్కబడు వస్తువు తన బలమంతయు వినియోగింపకముందే, నిటారుతనము తప్పుటచేత ఓడిపోవును. ఒకసారి వంగుట యారంభించినచో ఆ వంపే తరువాతి వంపునకు తోడ్పడును.

మరియొక చిన్న పరీక్ష. పది ఈనెలను చేర్చి, కట్టకుండ నిలువబెట్టి నొక్కినచో ఏ పుల్లకాపుల్ల తన దారిని తాను వంగును. ఆ పదింటినే నాలుగైదు చోట్ల గట్టిదారముతో బిగించి కట్టినచో అవి యన్నియు నొక్క కర్రయై నిలుచును. అనగా కట్టకు బలమిచ్చునది పుల్ల మాత్రమే కాదు, దారము కూడ. దారము చివికినదైనచో, ఎంత మంచి పుల్లలైనను ప్రయోజనము లేదు. ఈ దారపు సంగతి దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. దీనికి మరల రావలసియున్నది.

ఇక వంతెన చరిత్రకు వత్తము. క్విబెక్ వంతెన కంపెనీ 1887లో స్థాపితమైనది. కాని చాలకాలము దానియొద్ద ధనము లేదు. సలహాదారుగా నియమితుడైన ఇంజనీరు న్యూయార్కు నగరవాసియగు థియోడర్ కూపరు. ఆయన సామాన్యుడు కాడు. అమెరికాలో మిసిసిపి నదిమీద ప్రసిద్ధమైన సెయింట్ లూయీ వంతెన కట్టునాడు దాని నిర్మాతయగు ఈడ్సుకు సహాయుడుగా పనిచేసినవాడు. రైలు వంతెనలు ఎంత బరువునకు తగియుండవలెనో నిర్ణయించుటకు ఆయన యేర్పరచిన కొలమానము ఆయన పేరనే ప్రసిద్ధికెక్కినది. ఉక్కు పని చేయుటకు కుదిరినవారు పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్ వంతెనల కంపెనీవారు. అందు రూపురేఖలు గీసి లెక్కలు కట్టినవాడు పీటర్ జ్లాప్కా యను ఇంజనీరు.

మొదట స్తంభముల నడుమ ఎడము 1600 అడుగులని తలంచిరి. 1900లో కూపరు దానిని 1800 అడుగులకు పెంచుట మేలని చెప్పెను. స్తంభములను లోతునీటినుండి ఒడ్డువైపునకు జరిపినచో పునాదుల ఖర్చు తగ్గును. మంచుగడ్డల తాకిడి తగ్గును. ఈ కారణములు సమంజసములే. స్కాట్లండులో 1890లో పూర్తియైన ఫోర్తు వంతెన ఎడము 1710 అడుగులు. 1800 అడుగులైనచో క్విబెక్ వంతెన లోకమున కెల్ల పెద్దది యగును. ఈ కీర్తి కూపరు నిర్ణయమునకు కారణమని మనము నిందింపనక్కరలేదు. కాని 200 అడుగులు పెంచినపుడు చేయవలసిన పని యొకటి చేయకపోవుటయే ఈ కథకు మూలము.

ఆ పని యేదియనగా వంతెన తన సొంత బరువును మరల లెక్కించుట. చిన్న వంతెనకు ముఖ్యమైన భారము దానిపై నడచు బండి. పెద్ద వంతెనకు ముఖ్యమైన భారము తన దేహమే. వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపైనచో దాని బలము నాలుగు రెట్లగును, బరువు ఎనిమిది రెట్లగును. ఈ సత్యమును గెలీలియో 1638లోనే వెల్లడించెను. చీమ తనకంటె ఎన్నో రెట్ల బరువు మోయగలుగుటకును, ఏనుగు తన దేహమును మోయుటకే స్తంభములవంటి కాళ్లు కావలసివచ్చుటకును ఇదియే కారణము. వంతెన పొడవును పెంచుట యనగా చీమను ఏనుగువైపు నడపుటయే. కాళ్ల బలము అందుకు తగినట్లు పెరుగవలయును.

క్విబెక్‌లో కాళ్ల లెక్క మారలేదు. 1900 మొదలు 1903 వరకు ధనము లేక పని మందగించెను. ఆ విరామమున పరిశోధనలు చేసి, లెక్కలు సరిచూచుకొనుటకు ఎవరును ఖర్చు పెట్టలేదు. 1903లో ప్రభుత్వము హామీ యిచ్చి ధనము సమకూరిన వెంటనే తొందర మొదలైనది. దేహపు బరువు సుమారు 6 కోట్ల 20 లక్షల పౌనులని పూర్వము వేసిన అంచనానే యాధారముగా గొని దూలముల కొలతలు నిర్ణయించిరి. ఆ కొలతలచొప్పున ఉక్కు తయారై, కర్మాగారమున తూకము వేయుచుండగా 1906లో నిజము బయటపడెను. పూర్తియైన వంతెన బరువు 7 కోట్ల 30 లక్షల పౌనులకు చేరునట్లు తేలెను.

అప్పటికే ఉక్కులో చాలభాగము తయారై, దక్షిణపు టొడ్డున కొంత నిలువబెట్టబడి యుండెను. తప్పును ఒప్పుకొన్నచో కట్టినదానిని విప్పి మొదటినుండి ప్రారంభింపవలయును. కూపరు లెక్కించి చూచెను. దూలములపై నొక్కుడు నూటికి 7 మొదలు 10 పాళ్లవరకు హెచ్చునని ఆయనకు తోచెను. అది సహింపదగినదేయని తీర్మానించి పని సాగనిచ్చెను. ఇందు గమనింపవలసినది యొకటి కలదు. ఆయన మొదటినుండియు ఈ వంతెన ఉక్కుపై నాటి యలవాటునకు మించిన భారమును అనుమతించియుండెను. సాధారణముగ ఇట్టి పొరపాట్లను కాచుటకై ఇంజనీర్లు కొంత బలమును మిగులుగా వదలుదురు. ఇచ్చట ఆ మిగులు ముందే చాలవరకు ఖర్చయిపోయినది.

ఈ లెక్కలను మరియొకరు చూచి యున్నచో ఏమగునో! ఆ యవకాశము లేకపోలేదు. 1903లో కెనడా ప్రభుత్వపు రైల్వే శాఖవారు, కూపరు నిర్ణయములను వేరొక ఇంజనీరుచేత పరీక్షింపజేయవలెనని తలపెట్టిరి. కూపరు అందుకు సమ్మతింపలేదు. తనపై నింకొక పరీక్షకుడుండుట తన గౌరవమునకు భంగమని ఆయన తలంచెను. అంతటి పేరుగలవాని మాటను కాదనుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. నాటినుండి ఆయన మాటయే తుది మాట. కాని అనారోగ్యముచే ఆయన న్యూయార్కు విడిచి రాలేకపోయెను. ఉక్కు పని సాగుచున్న కాలమున ఒక్కసారియైనను వంతెనను కన్నులార చూడలేదు. తన బదులుగా మెక్లూర్ అను యువ ఇంజనీరును అచ్చట నుంచి, ఉత్తరములద్వారా సంగతులు తెలిసికొనుచుండెను.

1907 వేసవి వచ్చెను. దక్షిణపు టొడ్డునుండి ఉక్కు బాహువు నీటిమీదికి దినదినము పెరుగుచుండెను. ఒక్కొక్క క్రొత్త కమ్మి చేర్చినకొలది స్తంభము దగ్గరనున్న క్రింది దూలములపై నొక్కుడు హెచ్చుచుండెను. ఆ దూలములు ఎట్టివో చెప్పెదను. ఒక్కొక్క దూలములో నాలుగు ఉక్కు గోడలు నిలువుగా ప్రక్కప్రక్కన నుండును. వాని యెత్తు సుమారు నాలుగున్నర అడుగులు. ఒక్కొక్క గోడ పెక్కు పలకలను రివిట్లతో కలిపి చేసినది. ఈ నాలుగు గోడలను కలిపియుంచుటకు పైనను క్రిందను ఏటవాలుగా సన్నని ఉక్కు పట్టీలు జల్లెడ యల్లికవలె బిగింపబడినవి. నాలుగు గోడలును మన ఈనెలు. పట్టీల యల్లికయే మన దారము.

జూన్ మాసముననే కొన్ని దూలముల అతుకులవద్ద అంచులు సరిగా కలియకుండుట కాననయ్యెను. మొదట నివి చిన్న లోపములని యెంచిరి. ఆగస్టు మొదటి వారమున నదివైపు బాహువులోని రెండు దూలములు వంగియున్నవని మెక్లూర్ న్యూయార్కునకు వ్రాసెను. ఈ వంపు ఎట్లు కలిగెనని కూపరు కంపెనీవారిని తంతిద్వారా ప్రశ్నించెను. అవి కర్మాగారమునుండి వచ్చునప్పటికే అట్లున్నవని కంపెనీవారి వాదము. ఏదైన తాకిడిచే వంగియుండవచ్చునని కూపరు అనుమానము. అట్టి తాకిడి తగులలేదని మెక్లూర్ సమాధానము. ఉత్తరములు అటునిటు నడచుచుండెను. పనియు నడచుచునేయుండెను.

సోదరులారా, ఇచ్చట ఒక్కక్షణ మాగి యోచింపుడు. వంపు పూర్వమునుండి యున్నదా, క్రొత్తగా కలిగినదా యను ప్రశ్నకు వాదముతో పనిలేదు. ఒక దారమును ఈ కొననుండి ఆ కొనకు బిగించి కొలిచినచో నేటి వంపు తెలియును. వారము దినములకు మరల కొలిచినచో అది నిలిచియున్నదో, పెరుగుచున్నదో తెలియును. పాతవంపు పెరుగదు. పెరుగుచున్న వంపు ఒకే యొక సంగతిని తెలుపును.

ఆగస్టు 27వ తేదీన అట్లే కొలిచిరి. స్తంభమునకు ఒడ్డువైపున దగ్గరగా నున్న ఎడమప్రక్క తొమ్మిదవ దూలమున, అంతకు వారము దినములనాడు ముప్పాతిక అంగుళమున్న వంపు ఇప్పుడు రెండుంబావు అంగుళములై యుండెను. ఇంత పెద్ద దూలమునకు రెండుంబావు అంగుళము లెంతయని సామాన్యునకు తోచును. కాని మన ఈనెపుల్లను తలచుకొనుడు. విరుగుటకు ముందు అదియు కొంచెముగనే వంగినది.

పనివారిలో కలవరము పుట్టెను. మేస్త్రీల నాయకుడు పని నిలుపుదమని మొదట తలంచి, మరునాడు మనసు మార్చుకొనెను. వంతెన కంపెనీ ఇంజనీరు పని సాగుటకే యొప్పుకొనెను. పని నిలిపినచో పనివారి ధైర్యము చెడునని ఆయన భయము. ఆపుడని స్పష్టముగా ఆజ్ఞాపించువాడు ఆ స్థలమున నొక్కడును లేకపోయెను. అందరును న్యూయార్కువైపు చూచుచుండిరి. తుదకు మెక్లూర్ స్వయముగా రైలెక్కి కూపరును కలియుటకు బయలుదేరెను.

29వ తేదీ ఉదయము దాదాపు పదకొండున్నర గంటలకు ఆయన కూపరును కలిసికొనెను. కొలతలు చూడగనే వృద్ధుడగు ఆ ఇంజనీరునకు విషయము బోధపడెను. సంగతులు విచారించువరకు వంతెనపై నింకను బరువు పెట్టవలదని తంతివార్త వ్రాసి పంపెను. కాని అది పోయినది క్విబెక్‌నకు కాదు. పెన్సిల్వేనియాలోని కంపెనీ కార్యాలయమునకు. క్విబెక్‌నకు తాను తెలిపెదనన్న మెక్లూర్, రైలు పట్టుకొను తొందరలో ఆ తంతి నీయలేదు. కంపెనీ కార్యాలయమున తంతి చేరెను, చదివిరి. సాయంకాలము మెక్లూర్ వచ్చిన పిమ్మట ఆలోచించి, క్విబెక్‌నుండి రావలసిన యుత్తరము చూచి మరునాటి ఉదయమున నిర్ణయింతమని లేచిరి.

ఆ మరునాడు రాలేదు. ఇంచుమించు ఆ సమయముననే, అయిదున్నర గంటలు దాటిన కొన్ని నిమిషములకు, పని చాలించు వేళ సమీపించుచుండగా, స్తంభమునొద్ద క్రింది దూలము లొరిగెను. ఫిరంగులు ప్రేలినట్లు శబ్దము పుట్టెను. 19,000 టన్నుల ఉక్కు పదునైదు సెకండ్లలో కుప్పయై కూలెను. ఆ ధ్వని ఆరు మైళ్ల దూరమున క్విబెక్ నగరమువారికి వినవచ్చెను. నీటిలో పడి మునిగినవారు కొందరు. ఇనుము క్రింద నలిగినవారు కొందరు. ఒడ్డుననే ఉక్కుకమ్ముల నడుమ చిక్కుకొని సజీవులై యున్నవారిని విడిపించుటకు సాధనములు లేకపోయెను. రాత్రి సముద్రపు పోటు పెరుగగా, వారిని నీరు కప్పివేసెను. పని సాగించుటకు సమ్మతించిన మేస్త్రీల నాయకుడును మృతులలో నొకడు.

మరణించిన 75 మందిలో 33 మంది కానవాగా అను గ్రామమునకు చెందిన మొహాక్ జాతివారు. ఆ గ్రామము మాంట్రియల్‌కు సమీపమున నున్నది. ఎత్తైన ఉక్కు కట్టడములపై నిర్భయముగా నడచి పనిచేయుటయందు ఆ జాతివారు పేరొందినవారు. ఒకే సాయంకాలమున ఒకే గ్రామమున ముప్పదిమూడు మంది పోవుట యెట్టిదో ఊహింపుడు. ఇకమీదట మగవారందరు ఒకే వంతెనమీద కలిసి పనిచేయరాదని ఆ గ్రామపు స్త్రీలు పట్టుపట్టిరని చెప్పుదురు. అక్కడి శ్మశానమున వారి సమాధులపై ఉక్కు దూలములతో చేసిన శిలువలు నిలిచియున్నవి.

ప్రభుత్వము వెంటనే ముగ్గురు ఇంజనీర్లతో విచారణ సంఘమును నియమించెను. వారు హోల్గేటు, కెరీ, గాల్‌బ్రెయిత్ అనువారు. కారణములుగా తోచదగిన వాటినన్నింటిని వారు ఒకటొకటిగా పరీక్షించిరి. పునాదులు క్రుంగినవా? లేదు, రాతి స్తంభములు చెక్కుచెదరక నిలిచియుండెను. ఉక్కు నాసిరకమా? కాదు, పరీక్షలలో మంచిదనియే తేలెను. గాలియో, వాతావరణమో కారణమా? ఆనాడు విశేషమేదియు లేదు. పనివారి యజాగ్రత్తయా? పనితనమును నిలువబెట్టిన పద్ధతియు మొత్తముమీద బాగుగనే యుండెను. ఇట్లు నిర్దోషులనందరిని తప్పించిన పిమ్మట మిగిలినది క్రింది దూలము ఒక్కటే.

దాని నమూనాను చిన్న పరిమాణమున చేయించి యంత్రములో నుంచి నొక్కి చూచిరి. గోడలు నలుగకముందే, అల్లిక పట్టీలను పట్టియుంచిన రివిట్లు పటపట తెగిపోయెను. నాలుగు గోడలును విడివడి ప్రక్కకు వంగెను. ఇంతకు ముందు జ్ఞాపకముంచుకొనుడని నేను కోరిన దారము ఇదియే. పుల్లలు గట్టివి, దారము చివికినది. ఇంతటి పెద్ద దూలమునకు ఎంత బలమైన అల్లిక కావలెనో నిశ్చయముగా చెప్పగల శాస్త్రము ఆనాటికి పరిపక్వము కాలేదని సంఘమువారే యొప్పుకొనిరి. తెలియని చోట ఎక్కువ ఉక్కు వాడి జాగ్రత్తపడవలసినది. ఇచ్చట తెలియని చోటనే పొదుపు చేసిరి.

1908లో ప్రకటింపబడిన నివేదికలో సంఘమువారు మొగమాటము లేక వ్రాసిరి. కూలుటకు సాక్షాత్కారణము స్తంభమునొద్ద క్రింది దూలములు చెడుట. అవి చెడుటకు కారణము వాని రూపకల్పనలోని లోపము. ఆ లోపము జ్లాప్కా, కూపరు అను ఇరువురి నిర్ణయమునందలి పొరపాటు. బరువు తప్పుగా నంచనా వేయుట వేరొక ఘోరమైన తప్పు. దూలములు తగిన బలము గలవే యైనను, ఆ యొక్క తప్పుచేతనే వంతెనను త్యజింపవలసి వచ్చియుండునని వారు తేల్చిరి. అన్నింటికి మించి, తగిన యధికారమును అనుభవమును గల ఇంజనీరు స్థలమున లేకపోవుట గొప్ప లోపమని చెప్పిరి.

ఈ చివరి మాటయే నాకు ముఖ్యమని తోచుచున్నది. రివిట్లు తెగుట వంతెన మరణమునకు కారణము. కాని మనుష్యుల మరణమునకు కారణము వేరు. 27వ తేదీన వంతెన రక్షింపబడుట అసంభవమై యుండవచ్చును. దానిపైనున్న మనుష్యులను దింపుటకు ఒక కేక చాలియుండెను. చూచినవానికి అధికారము లేదు. అధికారము గలవాడు చూడలేదు. ప్రమాదము అంగుళముల లెక్కతో మాటలాడుచుండగా, దానిని కన్నవారు ఉత్తరములు వ్రాసిరి, తంతులిచ్చిరి, సభలు చేసిరి. ఇందు దుర్మార్గుడెవడును లేడు. లంచము తిన్నవాడు లేడు. ప్రతివాడును తనకంటె పెద్దవాడు చూచుకొనునని నమ్మెను. అందరికంటె పెద్దవాడు తన్ను తానే నమ్మెను.

వంతెన మరల కట్టబడినది. ఈసారి ఒక్కని మాటపై నాధారపడక ఇంజనీర్ల సంఘమునకు భారమప్పగించిరి. క్రింది దూలముల లావు మునుపటికి రెండింతలకు మించెను. అయినను దురదృష్టము విడువలేదు. 1916 సెప్టెంబరు 11వ తేదీన 640 అడుగుల పొడవుగల నడిమి భాగమును నీటినుండి పైకెత్తుచుండగా, ఒక మూల నాధారముగానున్న పోతపోసిన ఉక్కు ముక్క పగిలి, ఆ భాగమంతయు నదిలో మునిగెను. మరి 13 మంది మరణించిరి. ఆ ముక్కను మార్చి, క్రొత్త భాగమును చేయించి, 1917 సెప్టెంబరులో క్రమక్రమముగా నెత్తి బిగించిరి. 1919లో యువరాజు దానిని లాంఛనముగా ప్రారంభించెను. కూపరు ఆ సంవత్సరముననే మరణించెను. కాంటిలీవరు వంతెనలలో దాని 1800 అడుగుల ఎడమును మించినది నేటికిని లోకమున లేదు. రైళ్లు నేటికిని దానిపై నడచుచున్నవి.

కెనడా దేశమున ఇంజనీరు విద్య ముగించినవారు తమ చిటికెనవ్రేలికి ఒక సాదా యుంగరము ధరింతురు. 1922లో టొరాంటో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు హాల్టేను ప్రేరణచే ఈ యాలోచన పుట్టినది. అందలి ప్రతిజ్ఞావిధిని కవి కిప్లింగు రచించెను. 1925లో అది మొదట జరిగినది. ఆ యుంగరములు కూలిన క్విబెక్ వంతెన ఇనుముతో చేసినవని జనులు చెప్పుకొందురు. అది నిజము కాదు. అయినను ఆ కథ పుట్టుట సహజమే. పని చేయు చేతికి ఆ యుంగరముండును గనుక, కాగితముపై గీత గీయునపుడెల్ల అది బల్లకు తగులుచుండును. ఆ గీత క్రింద రేపు మనుష్యులు నిలువబోవుచున్నారని అది జ్ఞాపకము చేయవలయును.

మనలో అందరును వంతెనలు కట్టము. కాని ప్రతివాని పనిలోను ఒక ముప్పాతిక అంగుళపు వంపు ఎప్పుడో కనబడును. అది రెండుంబావు అంగుళము లగువరకు ఉత్తరములు వ్రాయుచు కూర్చుండక, చూచినవాడు ఆపుమని చెప్పగలుగుటయు, చెప్పినప్పుడు వినువాడుండుటయు నేర్చుకొన్నచో, ఆ 75 మంది మరణము వ్యర్థము కాలేదని చెప్పవచ్చును.